నాయనమ్మ పుస్తకం: రెండు లాంగ్ టర్మ్‌ల తర్వాత వచ్చిన ఒక కేసు

మా కెరీర్ కౌన్సెలింగ్ సెంటర్‌కు మొదటిసారి వచ్చినవాళ్లకు ఒక పేజీ ఫారం ఇస్తాం. అందులో 'ఎందుకు వచ్చారు' అని ఒక గడి ఉంటుంది. 2023 జూన్ మూడో వారంలో వచ్చిన కుటుంబం ఫారంలో ఆ గడిని తండ్రి నింపారు: 'సీటు రాలేదు'. దాని కింద 'మీకు ఇష్టమైన పని' అన్న గడి ఉంటే అదీ ఆయనే నింపారు: 'డాక్టర్'. అమ్మాయి చివర్లో సంతకం మాత్రం పెట్టింది.

ఈ కేసు రాయడానికి అమ్మాయి, తల్లిదండ్రులు ముగ్గురూ ఒప్పుకున్నారు. గుర్తుపట్టకుండా ఇంటి వివరాలు కొన్ని మార్చాను. రాశాక వాళ్లకు చదివి వినిపించాను. ఒకచోట తండ్రి మొహమాటపడుతూ అభ్యంతరం చెప్పారు, ఆ ముక్క తీసేశాను.

ఊరు బాపట్ల వైపు. తండ్రికి ఎరువుల కొట్టు ఉంది. తల్లి ఇల్లు చూసుకుంటారు. తమ్ముడు అప్పటికి ఇంటర్ ఎంపీసీ. అమ్మాయిది బైపీసీ. 2021లో కోవిడ్ వల్ల ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్ పరీక్షలు రద్దయ్యాయి కదా, ఆ బ్యాచ్. పబ్లిక్ పరీక్ష రాయకుండానే ఇంటర్ గట్టెక్కి, నీట్ రాసి, సీటు రాక లాంగ్ టర్మ్‌లో, అంటే ఏడాది పాటు మళ్లీ నీట్ కోసమే చదివించే కోచింగ్‌లో చేరింది. ఆ తర్వాత ఇంకో లాంగ్ టర్మ్. రెండేళ్లూ హాస్టల్లోనే. రెండో ఏడాది ఊరు మారిందంతే, టైంటేబుల్ మారలేదు.

2022లో 720కి 371 వచ్చాయి. 2023లో 402. తండ్రి ఆ రెండు అంకెలూ చెప్పి, "పెరుగుతున్నాయి కదండీ, ఇంకొక్క ఏడాది చూద్దాం అనుకుంటున్నాం. మీరు కాస్త మోటివేట్ చేయండి మేడంగారూ" అన్నారు. నా దగ్గరికి వచ్చే బైపీసీ కుటుంబాల్లో చాలామంది అడిగేది ఇదే. దారి చూపించమని ఎవరూ రారు. ఉన్న దారిలోనే ఇంకాస్త తోయమని వస్తారు.

మొదటి సెషన్‌లో నేను చేసిన తప్పు ముందుగా చెప్తాను.

తల్లిదండ్రులను పక్కనే కూర్చోబెట్టుకుని ఆసక్తుల ప్రశ్నావళి ఇచ్చాను. అమెరికన్ సైకాలజిస్టు జాన్ హాలండ్ 1959 నుంచి అభివృద్ధి చేసిన ఆరు రకాల పద్ధతి అది. చేతిపని, పరిశోధన, కళ, మనుషులకు సాయం, వ్యాపారం, లెక్కా పత్రం, వీటిలో మనసు ఎటు మొగ్గుతుందో చూస్తుంది. అరవై ప్రశ్నలు ఆరు నిమిషాల్లో నింపేసింది. 'రోజంతా ల్యాబ్‌లో ఒంటరిగా పని చేయడం' చాలా ఇష్టం. 'రోజంతా కొత్త మనుషులతో మాట్లాడటం' అదీ చాలా ఇష్టమే. డాక్టరు చేస్తాడనిపించిన ప్రతి దానికీ ఒకే టిక్కు. ఆ కాగితం నింపింది ఆమె చెయ్యే గానీ ఆమె కాదు. ఆ మాత్రం నాకు తట్టాలి. తట్టలేదు. ఆ వారం నీట్ ఫలితాలు, ఎంసెట్ ర్యాంకులు అన్నీ కలిసి మా వరండాలో కుర్చీలు చాలనంత మంది ఉన్నారు. బైపీసీ తర్వాత చేయగల పద్నాలుగు కోర్సుల షీట్ ప్రింట్ తీసి, ఏజీ బీఎస్సీకీ ఫిజియోథెరపీకీ టిక్కు పెట్టి ఇచ్చాను. ఇంట్లో ఎరువుల కొట్టు ఉంది కాబట్టి అగ్రికల్చర్ అయితే కలిసొస్తుందని నాకు తోచింది, తండ్రికి వెంటనే నచ్చింది. మొత్తం యాభై నిమిషాలు. అమ్మాయి ఆ షీటును నాలుగు మడతలు పెట్టి, మళ్లీ మడిచి, అగ్గిపెట్టెంత చేసి చేతిలో పట్టుకుని వెళ్లిపోయింది.

పది రోజుల తర్వాత తండ్రి ఫోన్ చేశారు. "గదిలోంచి రావట్లేదండి. తింటోంది, పడుకుంటోంది, అంతే." ఇలాంటి ఫోన్ వచ్చాక కోర్సుల సంగతి తర్వాత. మర్నాడే రమ్మన్నాను. అమ్మాయితో ఒంటరిగా కూర్చుని, చచ్చిపోవాలనే ఆలోచనలు వస్తున్నాయా అని నేరుగా అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. పుట్టదు. అలాంటివేమీ లేవు అని చెప్పింది. "నిద్ర లేవబుద్ధి కావట్లేదు మేడం" అంది. అయినా తల్లికి ఏం గమనించాలో చెప్పి, టెలీ మానస్ నంబరు 14416 రాసిచ్చాను. మానసిక ఇబ్బందుల్లో ఉన్నవాళ్ల కోసం ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత సర్వీసు అది, తెలుగులోనే మాట్లాడొచ్చు. లాంగ్ టర్మ్ పిల్లల ఇళ్లలో ఫ్రిజ్ మీద అతికించి ఉండాల్సిన నంబరు.

అసలు కేసు ఆ రోజే మొదలైంది.

"డాక్టర్ కావాలనే ఉంది మేడం" అంది ఇరవై నిమిషాల మౌనం తర్వాత. సరే, నువ్వు డాక్టరువి అయిపోయావనుకో, కళ్ల ముందు ఏం కనబడుతోంది, ఏం చేస్తున్నావు అని అడిగాను. ఆపరేషనా, సూది వేయడమా, స్కానింగ్ చూడటమా?

కాసేపు ఆలోచించింది. "కూర్చుని మాట్లాడుతున్నాను."

అలా కూర్చుని మాట్లాడే డాక్టర్ని ఎవర్నైనా చూశావా అంటే, "లేదు మేడం" అని మొదటిసారి నవ్వింది.

పిల్లలు ఇష్టం అడిగితే నామవాచకం చెప్తారు. డాక్టర్, ఐఏఎస్, సాఫ్ట్‌వేర్, క్రికెట్. ఆ మాటలు వాళ్లవి కావు, ఇంట్లోనూ బడిలోనూ ఏళ్లుగా వినబడినవి. నేను వినాల్సింది క్రియ. ఏం చేస్తుంటే ఆ పిల్లకు టైం తెలియలేదు, ఎవరూ అడగకపోయినా ఏం చేసింది, తిట్టినా ఏది మానలేదు. క్రికెట్ పిచ్చి అని తండ్రి లాక్కొచ్చిన ఒక కుర్రాడు నిజానికి ఆడటం కన్నా స్కోరు బుక్కు రాయడాన్ని ప్రేమించేవాడు. అది వేరే కేసు. కానీ ఆ రెండు పనులూ ఒకే మైదానంలో జరుగుతాయన్న మాటే తప్ప, రెంటికీ కావలసిన మనిషి ఒకడు కాదు.

నేను వాడే పద్ధతుల్లో ఖర్చు లేనిదీ, ఎక్కువ పనికొచ్చేదీ ఒకటుంది. ఎవరూ చెప్పకుండానే నువ్వు చేసిన పనులు ఏడు రాసుకుని రా అంటాను. గొప్పవి కానక్కర్లేదు, బహుమతులు రానక్కర్లేదు. ఈ అమ్మాయి వారం తర్వాత మూడు రాసి తెచ్చింది. వాటిలో ఒకటి కొట్టేసి ఉంది. ఏడు ఎందుకు రాయలేదంటే, "రెండేళ్లలో చెప్పకుండా చేసినవి ఏమీ లేవు మేడం" అంది. పొద్దున అయిదింటి నుంచి రాత్రి పది దాకా గంట కొడితే లేచి, గంట కొడితే కూర్చున్న పిల్ల నుంచి ఇంకేం వస్తుంది.

నేను ముందు కొట్టేసినదాని గురించే అడిగాను. అలవాటు అది. కొట్టేసిన చోట ఏదో ఉంటుంది. హాస్టల్లో రాత్రిళ్లు లెక్చరర్లను అనుకరించేదట. "అల్లరి కదా మేడం, అందుకే కొట్టేశాను." ఎలా చేస్తావో చూపించు అన్నాను. సిగ్గుపడుతూనే కెమిస్ట్రీ సార్‌ని చేసింది. నాకు ఆ సార్ ఎవరో తెలియదు గానీ గదిలో ఇంకో మనిషి కూర్చున్నట్టే ఉంది. అంతకన్నా ముఖ్యం, తర్వాత చెప్పిన మాట: "సార్ 'స' అనేటప్పుడు గాలి ముందు నుంచి రాదు మేడం, నాలుక పక్క నుంచి పోతుంది. అందుకే తడిగా వినబడుతుంది." ఎలా తెలిసిందంటే, "నా నోట్లో అనుకుని చూసుకున్నాను" అంది.

రెండోది, తమ్ముడికి సైన్సు బొమ్మలు నేర్పడం. అది చెప్పుకోదగ్గదేం కాదు, అక్కలందరూ చేసేదే.

మూడోది ఒక్క వాక్యం. 'నాయనమ్మకు మాట పడిపోయినప్పుడు పుస్తకం చేశాను.'

ఏం పుస్తకం?

తను ఎనిమిదో తరగతిలో ఉండగా నాయనమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. ఆసుపత్రిలో ప్రాణం నిలబెట్టి పంపించారు. మాట సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇంటికొచ్చాక ఆవిడ నోట 'అదే... అదే...' అన్న ఒక్క ముక్క తప్ప వచ్చేది కాదు. నీళ్లకూ అదే, దుప్పటికీ అదే. అర్థం కాక ఇంట్లోవాళ్లు విసుక్కుంటే ఆవిడ ఏడ్చేవారు. ఈ పిల్ల ఆదివారం పేపర్లోనూ పాత క్యాలెండర్లలోనూ బొమ్మలు కత్తిరించి ఒక లాంగ్ నోట్‌బుక్కులో అతికించింది. నాయనమ్మ ఎడమ చేత్తో బొమ్మ చూపించేది. అంతే.

ఆ పుస్తకం ఇంకా ఉందా అని అడిగితే అమ్మ ట్రంకు పెట్టెలో దాచిందంది. తెమ్మన్నాను.

నా సర్వీసులో చాలా సర్టిఫికెట్లు చూశాను. ఆ నోట్‌బుక్కును చూసినంత సేపు దేన్నీ చూడలేదు. ముప్ఫై ఒక్క బొమ్మలు. మొదట్లో అన్నం, నీళ్లు, కాఫీ అని వరసగా అతికించినట్టుంది. తర్వాత పీకి మళ్లీ అతికించిన మరకలున్నాయి. మొదటి పేజీకి ఫ్యాన్ వచ్చింది. ఎందుకంటే నాయనమ్మ అన్నిటికన్నా ఎక్కువ సార్లు అడిగేది అదేనట. ఫ్యాన్ బొమ్మ కింద పెన్సిల్‌తో రాసి ఉంది: 'ఒక్కోసారి ఫ్యాన్ అంటే కిటికీ. చూపు ఎటుందో చూడాలి.' బొమ్మలన్నీ ఎడమ చేతికి అందేలా పేజీకి ఎడమ పక్కనే ఉన్నాయి. పదమూడేళ్ల పిల్ల, ఎవరూ నేర్పకుండా, ఎవరికీ చూపించకుండా చేసిన పని.

ఇంకోటి కూడా చెప్పింది. నాయనమ్మ 'నాలుగు' అనలేకపోయేది గానీ, తను 'ఒకటి, రెండు' అని అందుకుంటే వెంట వచ్చి 'మూడు, నాలుగు' అనేది. మంగళహారతి మొదలుపెడితే మాటలతో సహా పాడేది. పాట అయిపోగానే మళ్లీ 'అదే... అదే...'. "పాటలో వచ్చే మాట మామూలుగా ఎందుకు రాదు మేడం? ఆ డౌట్ నాకిప్పటికీ ఉంది."

ఆ డౌటుకు వైద్యంలో పెద్ద చరిత్రే ఉంది. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే డాక్టరు ఒకే ముక్క తప్ప పలకలేని రోగి చనిపోయాక మెదడు పరీక్షించి, ఎడమ వైపు ముందు భాగంలో దెబ్బ ఉందని చూపించాడు. అలా మెదడుకు దెబ్బ తగిలి మాట పోయే స్థితిని అఫేసియా అంటారు. వరసగా నోటికి వచ్చిన లెక్కలు, ప్రార్థనలు, పాటలు చాలామందిలో మిగిలిపోతాయి. 1973లో అమెరికాలో ముగ్గురు నిపుణులు ఆ మిగిలిన రాగాన్నే మెట్టుగా చేసుకుని మాట రప్పించే చికిత్స ఒకటి ప్రచురించారు. ఈ పిల్ల హారతి వరసలో 'నీళ్లు కావాలి' అని పాడించే ప్రయత్నం కూడా చేసిందట. "రెండు సార్లు వచ్చింది మేడం, తర్వాత రాలేదు." రెండున్నరేళ్ల తర్వాత ఆవిడ పోయారు. డాక్టరు కావాలన్న కోరిక ఎక్కడ మొదలైందో అప్పుడు తెలిసింది. మాట పోయినవాళ్లతో కూర్చునే మనిషికి పేరేమిటో ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిసిన పేరు ఒక్కటే ఉంది, అదే పెట్టుకుంది.

ఇక్కడ నేను ఆగాను. ఒక కథ బాగుంది కదా అని దాని మీద నాలుగేళ్ల చదువును నిలబెట్టకూడదు. ముందొకసారి తొందరపడ్డాను కూడా.

మాక్ టెస్టుల మార్కులన్నీ తెమ్మన్నాను. 2023 నీట్‌లో 402 అంటే బయాలజీలో 360కి 291, కెమిస్ట్రీలో 180కి 78, ఫిజిక్స్‌లో 180కి 33. అంతకు ముందు ఏడాది 371లో బయాలజీ 274, కెమిస్ట్రీ 70, ఫిజిక్స్ 27. ఏడాదంతా హాస్టల్లో ఉండి పెంచుకున్నది 31 మార్కులు, అందులో ఫిజిక్స్ వాటా ఆరు. అభిరుచుల పరీక్ష కాకుండా సామర్థ్యాల పరీక్షలు కూడా పెట్టాను. భాషలో బాగా పైన, చిన్న చిన్న తేడాలు పట్టడంలో ఇంకా పైన, అంకెల్లో మధ్యస్థం కన్నా కింద. చెవిని కొలిచే పరీక్ష నా దగ్గర లేదు. పేపరు మీద జరిగే ఏ పరీక్షలోనూ అది ఉండదు.

ఆసక్తుల ప్రశ్నావళి మళ్లీ ఇచ్చాను, ఈసారి ఒంటరిగా, టైం పెట్టకుండా. ముప్ఫై అయిదు నిమిషాలు తీసుకుంది. మనుషులకు సాయం, పరిశోధన మొదటిసారి లాగే పైన వచ్చాయి గానీ మూడోదిగా కళ వచ్చింది. మొదటిసారి దానికి దాదాపు సున్నా.

వృత్తి సలహా అనే పనికి ఆద్యుడుగా చెప్పుకునే ఫ్రాంక్ పార్సన్స్ 1908లో బోస్టన్‌లో ఆఫీసు తెరిచాడు. అతను చెప్పింది మూడే ముక్కలు: నిన్ను నువ్వు తెలుసుకో, పనిని తెలుసుకో, రెంటినీ కలిపి ఆలోచించు. మన దగ్గర మొదటిది పరీక్షలతో కానిచ్చేస్తాం, మూడోది ర్యాంకు చేసేస్తుంది. రెండోది, పనిని వెళ్లి చూడటం, ఎవరూ చేయరు. నా కేసుల్లో తప్పిపోయినవన్నీ అక్కడే తప్పిపోయాయి.

అందుకని ఊళ్లో ఒక స్పీచ్ థెరపీ సెంటర్ వాళ్లను అడిగి, అక్కడి పిల్లల తల్లిదండ్రుల అనుమతితో, మూడు పూటలు మూల కుర్చీలో కూర్చోనిచ్చే ఏర్పాటు చేశాను. షరతు ఒకటే, నచ్చనివి కూడా రాయాలి.

ఆమె రాసుకొచ్చిన పేజీల్లోంచి కొన్ని. నాలుగేళ్ల పాపకు కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి చెవి లోపల అమర్చే వినికిడి పరికరం) పెట్టారు. మన రెండు రాష్ట్రాల్లో ఆరోగ్యశ్రీ వల్ల ఈ ఆపరేషన్ చేయించుకోగలిగిన మామూలు కుటుంబాలు చాలానే ఉన్నాయి. కానీ ఆపరేషన్‌తో వినికిడి మొదలవుతుందే తప్ప మాట రాదు. నెలల తరబడి కూర్చోవాలి. థెరపిస్టు తన నోరు కనబడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని ఆరు శబ్దాలు అంటోంది: ఆ, ఊ, ఈ, మ్, ష్, స్. వినబడగానే పాప ఒక రింగు పుల్లకు తొడగాలి. డేనియల్ లింగ్ అనే ఆయన పెట్టిన పరీక్ష ఇది. మాటల్లో ఉండే లోతైన శబ్దాల నుంచి సన్నని శబ్దాల దాకా ఉన్న పరిధి అంతా ఆ ఆరింటిలో వచ్చేస్తుంది. 'స్' దగ్గర పాప రింగు పట్టుకుని ఊరుకుంది. నలభై నిమిషాల్లో ఇంతే జరిగింది, అని రాసి, కింద: 'నాకు బోరు కొట్టలేదు. పాప వాళ్లమ్మకు కొట్టింది.'

ఇంకో బాబు 'కాకి'ని 'తాతి' అంటాడు. అమ్మాయి నోటులో: 'క అనాలంటే నాలుక వెనక భాగం లేవాలి. వీడికి ముందు భాగం లేస్తోంది. అందుకే త. గ కూడా ద అవుతుంది అనుకుంటా. అడిగితే అవునన్నారు.' తెలుగు వ్యాకరణంలో చదివిన కంఠ్యాలు, తాలవ్యాలు, మూర్ధన్యాలు, దంత్యాలు, ఓష్ఠ్యాలు గుర్తొచ్చాయట. క వర్గం నుంచి ప వర్గం దాకా గొంతు నుంచి పెదాల వరకు నడుచుకుంటూ వచ్చే వరసే మన వర్ణమాల. "బట్టీ పట్టాను గానీ మేడం, అది నోటి మ్యాపు అని ఎవరూ చెప్పలేదు."

నచ్చనివి కూడా నిజాయితీగానే రాసింది. పక్క గదిలో వినికిడి మిషన్లు అమ్ముతున్నారు. ఒక పెద్దాయనకు ఖరీదైన మోడల్ అంటగట్టడానికి చేసిన ప్రయత్నం చూసి, 'ఇది నావల్ల కాదు' అని గీత కొట్టింది. ఒక ఆటిజం ఉన్న బాబు ఆమె జుట్టు పట్టుకుని లాగాడు. ఒక తల్లి 'ఆర్నెల్లయింది, ఏం మారింది' అని థెరపిస్టు మీద అరిచింది. 'ఆవిడ తిరిగి అరవలేదు. నేనైతే ఏడ్చేదాన్నేమో.'

నచ్చనివి లేకుండా వచ్చి ఉంటే నేను ముందుకు వెళ్లేదాన్ని కాదు.

కోర్సు పేరు బీఏఎస్ఎల్‌పీ. ఆడియాలజీ అంటే వినికిడి వైపు, స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ అంటే మాట వైపు, రెండూ కలిసిన డిగ్రీ. మూడేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. పాసయ్యాక రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైతేనే ప్రాక్టీసు చేయాలి. మైసూరులో 1965లో పెట్టిన జాతీయ సంస్థ అందరూ కోరుకునేది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మాట, వినికిడి లోపాల మీద పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఆ ఏడాది అడ్మిషన్‌కు నీట్ అడగలేదు. ఎంపీసీ వాళ్లు కూడా చేరొచ్చని చాలామందికి తెలియదు.

తల్లిదండ్రులతో కూర్చున్న సెషన్ గంటన్నర పట్టింది. మంచి మాటలకన్నా ముందు చెడ్డవి చెప్పాను. తొలి జీతం చూసి ఎవరూ ముక్కున వేలేసుకోరు. ప్రభుత్వ పోస్టులు తక్కువ. 2013లో మొదలైన బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా కేంద్రాల్లో ఉండే పిల్లల సెంటర్లలో ఈ పోస్టు ఉంటుంది గానీ జిల్లాకు ఎందరు కావాలి. ప్రైవేటులో చాలా చోట్ల మిషన్ల అమ్మకం టార్గెట్ ఉంటుంది. అమెరికా వెళ్లాలంటే మాస్టర్స్ చేయాలి, అక్కడి రాష్ట్రం లైసెన్సు తెచ్చుకోవాలి.

"అంటే స్పీచ్ టీచరాండీ?" అన్నారు తండ్రి. తర్వాత, "పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవచ్చా?" ఈ డిగ్రీతో పెట్టుకోకూడదని చెప్పాను. తల్లి నెమ్మదిగా అడిగారు: "సంబంధాలు వచ్చినప్పుడు ఏం చదివిందంటే ఏం చెప్పాలండీ? ఆ పేరు నాకే నోరు తిరగట్లేదు." నవ్వుకోవలసిన ప్రశ్న కాదది. ఆ ఇంట్లో దానికి విలువ ఉంది. నా దగ్గర మంచి జవాబు లేదు, లేదనే చెప్పాను.

మూడో లాంగ్ టర్మ్ సంగతికి 31 మార్కుల లెక్క కాగితం మీద వేసి చూపించాను. కన్వీనర్ కోటా సీటు అందే చోటికి ఈ వేగంతో ఎన్నేళ్లు పడుతుందో ఆయనే లెక్క వేసుకున్నారు, కొట్టు నడిపే మనిషి కదా. అయినా అంకెలతో ఆయన మెత్తబడలేదు. నోట్‌బుక్కు టేబుల్ మీద ఉంది. ఆయన దాన్ని అంతకు ముందు సరిగా చూడలేదట. ఫ్యాన్ పేజీ దగ్గర ఆగి, "మా అమ్మ మాట నాకంటే దీనికే ఎక్కువ తెలిసేది" అన్నారు. కాసేపాగి, "ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ ఇట్టాంటోళ్లు ఉంటారని మాకు ఒక్కళ్లు కూడా చెప్పలేదండి" అన్నారు. ఆ మాటలో కోపం ఉంది. ఆ కోపం కూతురి మీద కాదు కాబట్టి నాకు ఊరట కలిగింది.

ఒప్పందం మాత్రం పెట్టారు. ఈ కోర్సులో చేరుతూనే వీలైతే నీట్ ఇంకోసారి రాయాలి. నాకు నచ్చలేదు. రెండు పడవల మీద కాళ్లు పెట్టిన పిల్లలు ఏమవుతారో చూసినదాన్ని. అమ్మాయి సరేనంది. ఆమె సరేనన్నాక నేను కాదనడం నా పని కాదు.

మైసూరులో సీటు రాలేదు. హైదరాబాద్‌లో ఒక కాలేజీలో చేరింది. మొత్తం ఆరు సెషన్లు, తొమ్మిది వారాలు.

ఇక్కడితో ముగిస్తే ఈ కేసు చాలా అందంగా ఉండేది. నవంబరులో ఫోన్ వచ్చింది. "మేడం, మళ్లీ ఫిజిక్సే!"

శబ్ద తరంగాలు, ఫ్రీక్వెన్సీ, డెసిబెల్. డెసిబెల్ అంటే లాగరిథమ్. పది పెరిగితే శబ్ద తీవ్రత పది రెట్లు, ఇరవై పెరిగితే వంద రెట్లు. ఆడియాలజీకి పునాది అదే. 180కి 33 తెచ్చుకున్న పిల్లను ఈ కోర్సుకు పంపేటప్పుడు మొదటి సెమిస్టర్ సిలబస్ నేను వరసగా చదవాలి కదా? పేర్లు చూశాను, లోపల చూడలేదు. ఇది నా రెండో తప్పు. ఆ పేపర్ తప్పింది కూడా.

2018లో ఓకీఫ్, డ్వెక్, వాల్టన్ అనే ముగ్గురు పరిశోధకులు ప్రచురించిన పనిలో ఒక సంగతి ఉంది. ఇష్టం అనేది ముందే లోపల తయారై ఉంటుంది, కనుక్కుంటే చాలు అని నమ్మేవాళ్లు, కష్టం ఎదురవగానే 'ఇది నాది కాదేమో' అని త్వరగా చల్లబడిపోతారు. నేను ఆ నోట్‌బుక్కును పట్టుకుని 'ఇదే నీ దారి' అన్న ధోరణిలో ఎక్కడైనా మాట్లాడానా అని నా సెషన్ నోట్సు తిరగేశాను. నాలుగో సెషన్‌లో దాదాపు అలాంటి మాటే అన్నాను. ఫోన్‌లో దాన్ని వెనక్కి తీసుకున్నాను. నీకు నచ్చింది మనిషితో కూర్చోవడం, నోట్లో నాలుక ఎక్కడుందో కనిపెట్టడం. ఈ లెక్కలు నచ్చక్కర్లేదు, రావాలి అంతే అన్నాను. నచ్చక్కర్లేదన్న మాటకు అమ్మాయి గట్టిగా ఊపిరి వదిలింది, నాకు వినబడింది.

సీనియర్ ఒకామె ఆడియోగ్రామ్ (రోగి వినికిడి ఎంతుందో చూపే గ్రాఫు) నుంచి వెనక్కి నేర్పిందట. ముందు రోగి, తర్వాత గ్రాఫు, ఆఖర్న ఫార్ములా. సప్లిమెంటరీలో బయటపడింది. అనాటమీలో క్లాసులో మొదటి అయిదుగురిలో ఉంది. ఆడియాలజీ ఇప్పటికీ ఆమెకు చేదు మందే. స్పీచ్ వైపు క్లినిక్ పోస్టింగ్ ఉన్న రోజున ఫోన్ చేస్తే గొంతే వేరు.

2025 మే 4న నీట్ రాసిందని నాకు జూన్‌లో తెలిసింది. ఎవరికీ చెప్పలేదు, తండ్రికి తప్ప. ఎందుకు రాశావంటే, "నాన్నకు మాటిచ్చాను కదా మేడం. అది ఒక్కటీ అయిపోవాలి" అంది. ఆ ఏడాది ఫిజిక్స్ పేపరు గురించి అందరూ గగ్గోలు పెట్టారు. "నాకు ఎప్పుడూ అంతే కాబట్టి తేడా తెలియలేదు" అని నవ్వింది. మార్కులు అడగలేదు, ఆమె చెప్పలేదు. తండ్రి ఇప్పుడు కొట్టుకొచ్చే రైతులు పిల్లలకు మాట రాలేదంటే కూతురి నంబరు ఇస్తున్నారట. ఇంకా డిగ్రీ పూర్తి కాలేదు, అలా ఇవ్వకూడదని నేనే ఫోన్ చేసి చెప్పాల్సొచ్చింది. తల్లి మాత్రం బంధువుల్లో ఇప్పటికీ 'ఏదో మెడికల్ కోర్సు' అనే అంటున్నారు.

ఇప్పుడు మూడో సంవత్సరం. ఇంటర్న్‌షిప్‌కు ముందు ఒకసారి కూర్చుందాం అనుకున్నాం. ఆమెకు పక్షవాతం రోగులుండే వార్డులో ఎక్కువ కాలం ఉండాలని ఉంది. క్లినిక్‌లో ఆమెను చూసిన మేడం మాత్రం పిల్లలతో ఇంకా బాగా చేస్తుందని రాశారు. ఆ కాగితం నాకు పంపి, "ఏది ఎంచుకోను?" అని అడిగింది. స్ట్రోక్ వార్డు మీదున్నది ఇష్టమా, నాయనమ్మకు తీర్చలేకపోయిన బాకీయా అన్నది ముందు ఆమె చూసుకోవాలి. నాకు తోచిన జవాబు ఒకటుంది గానీ ఈసారి చెప్పదలచుకోలేదు. రెండు వార్డుల్లోనూ చెరో రెండు వారాలు కూర్చుని, మూడు పూటలకు రాసినట్టే నచ్చనివి కూడా రాసుకుని రమ్మన్నాను.